నివురు

ఆ ఏడాది పందెం దారిని మళ్ళీ పైకి జరిపారు. ఆ సంగతి విని వనజ ఆశ్చర్యపోలేదు. ఆశ్చర్యపోయే ఓపిక ఆమెకు ఎప్పుడో అయిపోయింది. తన చిన్నతనంలో సోనాల్ లోయలో స్కీ పందేలు ఊరి బస్‌స్టాండు వెనకే మొదలయ్యేవి. తర్వాత ఆపిల్ తోటల పైకి వెళ్ళాయి. అక్కణ్ణుంచి దేవదారు అడవి అంచుకి, ఇప్పుడు చెట్టన్నది మొలవని గట్టు మీదికి. మంచు ఎక్కడుంటే పందెం అక్కడ. మంచేమో ఏటికేడు కొండెక్కుతోంది.

గట్టు మీద మంచుకి కొదవ లేదు. అక్కడి బాధ వేరు. రెండు శిఖరాల మధ్య సందులోంచి రాత్రనక పగలనక గాలి కొడుతుంది. ఆ చోటికి లోయవాళ్ళు పెట్టుకున్న పేరుని తెలుగులో చెప్పాలంటే గాలివాకిలి. థర్మామీటరు సున్నాకి పదిహేను డిగ్రీల కింద చూపిస్తుంటే, ఆ గాలిలో నిలబడ్డ మనిషికి అది ముప్ఫై కింద ఉన్నట్టే తగులుతుంది. వనజ ఇంట్లో దాన్ని ఒంటిచలి అనేవారు. ఒంటిచలి ఒక హద్దు దాటితే పందెం రద్దు చెయ్యాలని నియమం. కింద మంచు లేక, పైన గాలికి తాళలేక, వరసగా కొన్ని శీతాకాలాలు ఒక్క పందెమూ జరగలేదు.

ఆ శీతాకాలాలన్నీ వనజ చెల్లెలు నీలవేణి వయసులోంచి పోయాయి.

వాళ్ళ నాన్న గేదెల తవిటినాయుడిది శ్రీకాకుళం జిల్లా. సైన్యంలో చేరి ఆ ఉత్తరాది మంచుకొండల్లో కాపలా కాశాడు. ఉద్యోగం అయిపోయాక అక్కడే స్కీలు అద్దెకిచ్చే చిన్న కొట్టూ, పక్కనే టీ పొయ్యీ పెట్టుకుని ఉండిపోయాడు. భార్య పోయేనాటికి నీలకి ఇంకా పాలపళ్ళు ఊడలేదు. చెల్లెలికి జడ వెయ్యడం, అన్నం తినిపించడం, స్కీ బూట్ల తాళ్ళు బిగించడం అన్నీ వనజే చేసింది. నీల నడకకంటే జారడమే బాగా నేర్చుకుంది. పెద్దయ్యాక ఆ లోయలో దూరపు స్కీ పరుగులో ఆమెను మించినవాళ్ళు లేరు. కానీ పెద్ద పోటీలకు వెళ్ళాలంటే ముందు లోయ పందెం జరగాలి కదా.

వనజ పనిచేసే పరిశోధనశాల ఒకప్పుడు ఆపిల్ పళ్ళు దాచే కోల్డ్ స్టోరేజీ. గోడలకి ఇప్పటికీ పళ్ళ వాసన వేస్తుంది. అక్కడ పెద్ద ఫ్యాన్లు బిగించిన సొరంగంలో, గడ్డకట్టించే గాలిలో, ఆమె ఏళ్ళ తరబడి ఒకే పని మీద కూర్చుంది. ఆ పనేమిటో తండ్రికి ఒక సాయంత్రం కొట్టులోనే చెప్పింది. తవిటినాయుడు సాసర్లో టీ పోసుకుని ఊదుకుంటున్నాడు.

"నాన్నా, టీ ఎందుకు ఊదుతున్నావు?"

"ఏటా ప్రశ్న? సల్లారడానికి."

"టీ పైన వెచ్చటి గాలి పొర ఒకటి దుప్పటిలా పరుచుకుని ఉంటుంది. నువ్వు ఊదితే అది కాస్తా ఎగిరిపోతుంది. మన ఒంటి మీదా అలాంటి పొరే ఉంటుంది. గాలివాకిలిలో గాలి దాన్ని నిమిషం నిలవనివ్వదు."

"అయితే ఆ దుప్పటి ఎగిరిపోకుండా నువ్వు కుట్టీసినావు, అంతేనా?"

వనజ చాలా రోజుల తర్వాత నవ్వింది. "అంతే. ఒంటి మీద చల్లితే కంటికి కనబడనంత సన్నటి నూగు మొలుస్తుంది. వెచ్చటి గాలిని ఆ నూగు పట్టుకుని ఉంచుతుంది."

"నిప్పు మీద నివురు ఉన్నట్టు," అన్నాడు తవిటినాయుడు. అప్పటిదాకా దానికి ఒక అంకె మాత్రమే ఉంది. ఆ రోజునుంచి పరిశోధనశాలలో అందరూ, తెలుగు ఒక్క ముక్క రానివాళ్ళతో సహా, దాన్ని నివురు అనే పిలిచారు.

నివురు పనిచేసింది. నీల చొక్కా చేతులు పైకి మడిచి, సొరంగంలో ఫ్యాన్ల ముందు చెయ్యి చాపి, పాట పాడుకుంటూ నిలబడింది. చర్మం ఎర్రబడలేదు. వేళ్ళు బిగుసుకోలేదు. స్నానం చేసినా, చెమట పట్టినా నివురు ఊడదు. దాన్ని కరిగించే మందు కలిపిన గోరువెచ్చటి నీళ్ళు పోస్తేనే పోతుంది.

చిక్కంతా ఆ ఊడకపోవడంలోనే ఉంది. దాన్ని మొదట చెప్పింది డోల్మా. వనజతో కలిసి పనిచేసే వైద్యురాలు. గాలి లేని వెచ్చటి గదిలో నివురు వేసుకున్నవాళ్ళని సైకిలు తొక్కించి చూసి, కాగితాలు పక్కన పెట్టి, హిందీలో మెల్లగా అంది.

"వనజా, ఇది వేడిని బయటికి పోనివ్వట్లేదు. నూగు కింద చెమట పడుతోంది కానీ ఆరట్లేదు. గాలి ఉంటే సరిపోతోంది. లేకపోతే లోపల మనిషి ఉడికిపోతాడు."

వనజకి ఆ మాట కొత్త కాదు. ఒళ్ళు వేడెక్కితే తనంతట తనే రాలిపోయే రెండో రకం నివురుని ఆమె అప్పటికే మొదలుపెట్టింది. అది సరిగ్గా రాలడం లేదు. ఒకచోట పోయి ఒకచోట ఉండిపోతోంది. ఇంకో శీతాకాలం పడుతుంది.

ఆ ఇంకో శీతాకాలమే ఎవరి దగ్గరా లేదు. పందేల సంఘం పెద్ద నేగీ గారు వారానికోసారి వచ్చి బెంచీ మీద కూర్చునేవాడు. ఆయనా ఒకప్పుడు బస్‌స్టాండు వెనక జారినవాడే. "ఈసారి కూడా పందెం లేకపోతే, పిల్లలు స్కీలు అమ్ముకుని పట్నం పోతారమ్మా. మళ్ళీ రారు," అనేవాడు. ఇంట్లోనేమో నీల.

"నాకు ముప్ఫై దగ్గరికొస్తోందక్కా. వచ్చే ఏడు మంచు పడుతుందని నువ్వు చెప్పగలవా?"

"చెప్పలేను."

"మరింకేం?"

గాలివాకిలిలో గాలి ఆగిన రోజు లోయలో ఎవరి జ్ఞాపకంలోనూ లేదు. వాతావరణ కేంద్రం దగ్గరున్న వివరాల్లోనూ లేదు. వనజ మూడు రాత్రులు అదే ఆలోచించి, చివరికి ఒక షరతు పెట్టింది. గాలి ఉంటేనే నివురు, లేకపోతే పందెం ఆపెయ్యాలి. నేగీ గారు సంతోషంగా ఒప్పుకున్నాడు. ఎన్నడూ ఆగని గాలి ఆగితే అన్న షరతుకి ఒప్పుకోవడానికి ఏముంది?

పందెం రోజు తెల్లవారేసరికి గట్టు మీద మాట వినబడనంత గాలి. డేరాల గుడ్డలు టపటపా కొట్టుకుంటున్నాయి. వచ్చిన జనం మూతులకి మఫ్లర్లు చుట్టుకుని, వెన్ను గాలికిచ్చి, ఒకరినొకరు పట్టుకుని నిలబడ్డారు. పందెంలో ఉన్నవాళ్ళు మాత్రం పల్చటి బట్టల్లో, ముఖాలు తెరుచుకుని, ఎండాకాలపు విహారానికి వచ్చినట్టు నవ్వుతున్నారు. నీల అక్క చెంప మీద అరచెయ్యి పెట్టింది. చెయ్యి వెచ్చగా ఉంది.

"చూశావా, నీ కష్టం ఎలా కాలుతోందో," అంది. ఈల మోగగానే వెళ్ళిపోయింది.

దారి గట్టు వెంబడే కొంత దూరం పోయి, అవతలి వాలులోకి దిగి, గిన్నెలాంటి ఒక పల్లంలో పడుతుంది. ఆ పల్లం అడుగునుంచి మళ్ళీ పొడుగాటి ఎక్కుడు. దాని చివర తవిటినాయుడు టీ పొయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. అలసి వచ్చేవాళ్ళకి తాగడానికి ఏదో ఒకటి ఇవ్వాలని తనే అడిగి ఆ చోటు తీసుకున్నాడు.

వనజకి ముందు తెలిసింది నిశ్శబ్దం. డేరా గుడ్డ కొట్టుకోవడం ఆగింది. ఏదో లోపించిందనిపించి ఆమె తల ఎత్తింది. జెండాలు కర్రలకి వేలాడుతున్నాయి. జనం ఒక్కొక్కరే మఫ్లర్లు విప్పి, ఒకరి ముఖాలు ఒకరు చూసుకుని నవ్వుకుంటున్నారు. దక్షిణం నుంచి ఏదో వెచ్చటి గాలిపొర వచ్చి కొండల మీద మూతలా కూర్చుందని తర్వాత చెప్పారు. ఎండ మాత్రం చెంపలు చురుక్కుమనేలా కాసింది. థర్మామీటరు చూస్తుండగానే పైకి పాకి సున్నా దాటింది.

"ఆపండి," అంది వనజ. "నేగీ గారూ, పందెం ఆపండి!"

నేగీ గారు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఆ మాట మాత్రం ఆయన గురించి ఎప్పుడూ చెప్పాలి. వైర్‌లెస్‌లో అన్ని మజిలీలకూ కబురు వెళ్ళింది. ఎర్రజెండాలు లేచాయి. వెనకున్నవాళ్ళు ఒక్కొక్కరే ఆగిపోయారు. ఒకతను వాంతి చేసుకున్నాడు. ఇద్దరు మంచులో పడుకుండిపోయారు. డోల్మా మందునీళ్ళ డబ్బాలతో వాళ్ళ దగ్గరికి పరిగెత్తింది. అందరికంటే ముందున్న నీల మాత్రం ఆఖరి మజిలీ దాటి పల్లంలోకి దిగిపోయిందని కబురు వచ్చింది.

వనజ నివురు కరిగించే మందు డబ్బా ఒకటి తీసుకుని మంచు బండి మీద, నడిపేవాడి వెనక ఎక్కింది.

ఎక్కుడులో సగం దగ్గర తవిటినాయుడు మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. పక్కన నీల వెల్లకిలా పడి ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి కానీ ఎవర్నీ చూడటం లేదు. ముఖం కందగడ్డలా ఉంది. తవిటినాయుడు దోసిళ్ళతో మంచు తీసి కూతురి మెడ మీదా, గుండెల మీదా, చేతుల మీదా పోస్తున్నాడు.

"ఒలే వనజా, సూడే! మంచు కరగట్లేదే! ఒళ్ళు సూస్తే పెనం నాగుంది, పైనేసిన మంచు ఏసినట్టే ఉంటంది. ఏటిదీ? ఏటయినాదే పిల్లకి?"

నీల చేతి మీద మంచు పొడిగా, తెల్లగా, అప్పుడే కురిసినట్టు ఉంది. ఒక్క చుక్కా కరగలేదు. చలిని లోపలికి రానివ్వకుండా చేసినది చలిని ఇప్పుడూ రానివ్వడం లేదు. దాన్ని అలా చెయ్యడానికి ఎన్ని ఏళ్ళు పట్టిందో వనజకి తెలుసు. ఎంత బాగా చేసిందో ఆ క్షణంలో ఆమెకు అర్థమైనట్టు ఇంకెవరికీ అర్థం కాలేదు.

"నాన్నా, పొయ్యి మీద నీళ్ళున్నాయా?"

"మరుగుతున్నాయి."

"మంచు కలిపి గోరువెచ్చగా చేసి పట్రా. బేగి!"

"మతి పోయిందేటే నీకు? ఒళ్ళు కాలిపోతంటే ఏణ్ణీళ్ళు పోస్తావా?"

"పోస్తేనే ఊడుతుంది నాన్నా! తే!"

బండి నడిపే అతను తండ్రితో పాటు పైకి పరిగెత్తాడు. డేగిసా పట్టుకుని వాళ్ళు తిరిగి వచ్చేదాకా వనజ చెల్లెలి బట్టలు కత్తిరిస్తూ, పేరు పెట్టి పిలుస్తూ ఉంది. నీళ్ళలో మందు కలిపి మెడ మీద పోసింది. నూగు కరిగి బూడిదరంగు నురుగులా కారింది. నురుగు పోయినచోట మంచు పెట్టగానే ఇట్టే కరిగింది. మెడ, భుజాలు, చంకలు, కడుపు. నీళ్ళు చాలలేదు. తవిటినాయుడు మళ్ళీ పరిగెత్తాడు, మళ్ళీ వచ్చాడు. ఆ ముసలాయన ఏడుస్తూ ఒక చేత్తో వేణ్ణీళ్ళు, ఒక చేత్తో మంచు పోశాడు.

నీల బతికింది.

పట్నం ఆసుపత్రిలో పెద్ద డాక్టరు బొమ్మ గీసి చూపించాడు. మెదడులో వెనకవైపు, మనిషి తూలకుండా నిలబడేందుకు పనికొచ్చే భాగం ఆ వేడికి దెబ్బతిన్నది. జ్ఞాపకం పోలేదు, తెలివి పోలేదు. నిలకడ పోయింది. మాట కాస్త సాగుతుంది. "మెరుగుపడుతుంది. మునుపటిలా మాత్రం కాదు," అన్నాడు.

తర్వాతి నెలలు వనజకి ఒకదానిలో ఒకటి కలిసిపోయి గుర్తున్నాయి. పొద్దున్నే లేచి చెల్లెలికి జడ వెయ్యడం, గోడ పట్టుకుని నడిపించడం, చెంచా నోటిదాకా వెళ్ళేలోపు సగం ఒలికిపోతే తుడవడం. తర్వాత బస్సెక్కి పరిశోధనశాలకి వెళ్ళడం. సాయంత్రం మళ్ళీ వచ్చి బియ్యం కడగడం. ఇంట్లో ఎవరూ ఎవర్నీ ఏమీ అనలేదు. తవిటినాయుడు కొట్టులో స్కీలు తుడిచి గోడకి ఆనించేవాడు, మర్నాడు మళ్ళీ తీసి తుడిచేవాడు. ఒకసారి మాత్రం, గిన్నెలు కడుగుతున్న పెద్దకూతురి వెనక నిలబడి, "నువ్వు కూడా కొంచెం తిని తొంగోవే. నువ్వు కూడా నా కూతురివే," అన్నాడు. వనజ వెనక్కి తిరగలేదు. తిరిగితే ఏడ్చేస్తానని భయం.

వానాకాలం పోయేసరికి రెండో రకం నివురు తయారైంది. ఒళ్ళు వేడెక్కగానే పొట్టులా మొత్తం రాలిపోయింది. డోల్మా ఎన్నో రకాలుగా పరీక్షించింది. వెచ్చటి గదిలో, గాలి ఉండగా, ఆపి, మళ్ళీ పెట్టి. ఒక్కసారీ తప్పలేదు.

నేగీ గారు వచ్చి ఎప్పటిలా బెంచీ మీద కూర్చున్నాడు. బాగా తగ్గిపోయాడు మనిషి.

"పనిచేస్తోందని డోల్మా చెప్పింది. సంఘం వాళ్ళు అడగమన్నారు. నాకు అడగాలని లేదమ్మా. కానీ అడగాలి."

"రోడ్డు మీద మంచు తీసేవాళ్ళకి ఇవ్వండి. గొర్రెల కాపరులకి ఇవ్వండి. అలసిపోతే ఆగేవాళ్ళకి ఎవరికైనా ఇవ్వండి. పందేనికి ఇవ్వను," అంది వనజ.

"లోపం దిద్దావు కదా."

"పోయిన ఏడు వచ్చిన రోజుకి దిద్దాను. వచ్చే ఏడు ఎలాంటి రోజు వస్తుందో నాకు తెలీదు. రాలిపోయాక మళ్ళీ గాలి లేస్తే? చెమటతో తడిసిన ఒంటికి ఆ గాలి తగిలితే? దానికి మూడో రకం చేస్తాను. నాలుగోది చేస్తాను. ప్రతిసారీ దాని లోపం ఎవరో ఒకరి ఒంటి మీదే బయటపడాలి. ఈ శీతాకాలాల వెనక నేను పరిగెత్తలేను నేగీ గారూ."

"అయితే ఇక్కడ ఇక పందెం ఉండదు."

"ఉండదు."

ఆయన లేచేటప్పుడు, "నిజం చెప్పనా, నువ్వు ఒప్పుకుంటావేమోనని దారంతా భయపడుతూనే వచ్చాను," అన్నాడు.

ఇంటికొచ్చి ఆ సంగతి చెబితే నీల కంచం తోసేసింది. సాగిపోయే మాటలో కోపం ఇంకా పెద్దదిగా వినిపించింది.

"నన్ను అడిగావా? నా పేరు చెప్పి పందెం ఆపించేటప్పుడు నన్నొక మాట అడగాలా వద్దా? ఇంకెంత మంది ఎదురుచూస్తున్నారో!"

"నీ పేరు చెప్పలేదు."

"చెప్పక్కర్లేదు. లోయంతా నన్నే చూస్తుంది." కాసేపు ఆయాసపడింది. "నువ్వొక్కదానివే చేసినట్టు తిరుగుతున్నావు ఇంట్లో. ఆ ఎర్రజెండా నేను చూశానక్కా. బాగా చూశాను. వెనక ఎవరూ లేరు. ఇంకొక్క ఎక్కుడు, అంతే కదా అనుకున్నాను."

వనజ కింద పడ్డ మెతుకులు ఏరుతూ ఆగిపోయింది. తవిటినాయుడు గుమ్మంలో నిలబడి వింటున్నాడు. చివరికి ఆయనే లోపలికి వచ్చి, ఇంకో కంచంలో అన్నం పెట్టి నీల ముందుంచాడు.

ఆ శీతాకాలం కొండ మీద వాన కురిసింది. మాఘమాసంలో ఒక పొద్దున నీల చేతికర్ర తీసుకుని, "ఆ పల్లానికి తీసుకెళ్ళు. నేను పడ్డ చోటునుంచి చివరిదాకా నడుస్తాను," అంది. వనజ కాదనలేదు. జీపులో వెళ్ళగలిగినంత మేర వెళ్ళి దిగారు.

పల్లంలో మంచు లేదు. ఎక్కుడంతా పసుపు తిరిగిన గడ్డి, బురద, అక్కడక్కడా నీటి చెలమలు. నీల కర్ర ఊతంగా అడుగు వేసింది. తూలింది. వనజ నడుం పట్టుకుంది. ఇంకో అడుగు. చెప్పులు బురదలో దిగబడుతున్నాయి. ఎండ ఎక్కువైంది. నీల ముఖం మీద చెమట పట్టింది. ఎక్కడినుంచో చిన్న గాలి వచ్చి ఆ చెమటని తాకింది. నీల కళ్ళు మూసుకుని అది పోయేదాకా అలాగే నిలబడింది.

పందెం చివరి గుర్తుగా నాటిన స్తంభం పైన కనిపిస్తూనే ఉంది. ఇంకా సగం దూరం కూడా రాలేదు. వనజకి నడుం లాగేస్తోంది, భుజం పడిపోతోంది. అయినా చెల్లెలు అడుగు వేస్తే తనూ వెయ్యడానికి సిద్ధంగా నిలబడింది.

నీల స్తంభం వైపు చూసింది. తర్వాత అక్క ముఖంలోకి చూసింది. కర్ర పక్కన పడేసి గడ్డిలో మెల్లగా కూలబడింది.

"చాలక్కా," అంది. "నువ్వూ కూర్చో."